తుప్పు పట్టిన పంచకల్యాణి

ఇంటి వెనుక కొట్టంలో యాభై అరవై ఏళ్ళనాటి అమెరికన్ కారు తుప్పు పట్టి పడి ఉన్నది. దానికి మళ్ళీ ప్రాణం పోయటమా, పాత ఇనుము కింద తూకానికి అమ్మటమా? సమాధానం ఇంజనులో లేదు, రంగులో లేదు. కంటికి కనబడని రేకుల మడతలలో ఉన్నది.

2017వ సంవత్సరం తొలి నెలలలో, మెక్సికో దేశపు బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో, ఒక పాత కార్ల దొడ్డిలో పడి ఉన్న ఫోర్డ్ మస్టాంగ్ కారు సంగతి బయటపడింది. దానిని కారు అనటం కంటె కారు డొక్క అనటం సమంజసం. ఇంజను లేదు. అసలు ఆకుపచ్చ రంగుపై ఎవరో తెల్లరంగు పూశారు. రేకులను తుప్పు కొరికివేసింది. దానిని సంపాదించిన వారికి దాని చరిత్రతో పని లేదు. 2000లో విడుదలైన మరొక హాలీవుడ్ చిత్రంలోని కారుకు నకలుగా దానిని మలచాలని మాత్రమే వారు తలపోశారు. పని ఆరంభించబోయే ముందు, రేకుపై చెక్కిన గుర్తింపు సంఖ్యను గురించి విచారించగా ఆశ్చర్యకరమైన సంగతి తేలింది. 1968లో స్టీవ్ మెక్వీన్ కథానాయకుడుగా వచ్చిన 'బులిట్' చిత్రంలో, శాన్ ఫ్రాన్సిస్కో నగరపు ఎత్తుపల్లాల వీథులలో గాలిలోకి ఎగిరి దూకిన కారు అదే! అది ఏనాడో తుక్కుగా మారిపోయి ఉంటుందని కార్ల ప్రియులందరూ అంతవరకు నమ్మారు.

ఆ చిత్రంలో వాడిన మస్టాంగులు రెండు. వాటి గుర్తింపు సంఖ్యలు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. రెండవ దానికి పట్టిన అదృష్టం వేరు. 1974లో ఒక కుటుంబం దానిని 6,000 డాలర్లకు కొన్నది. ఆ ఇంటి ఇల్లాలు ఉపాధ్యాయిని. ఆమె ఆ కారులోనే పాఠశాలకు వెళ్ళి వస్తూ ఉండేది. 1977లో స్వయంగా మెక్వీన్ ఆ కారు తనకు ఇమ్మని ఉత్తరం వ్రాసినా కుటుంబం అమ్మలేదు. తరువాత క్లచ్ చెడిపోవటంతో కారు మూలపడింది. దశాబ్దాల తరువాత దానిని మళ్ళీ నడిచే స్థితికి తెచ్చారు గాని, వెలసిన రంగును, తుప్పు మచ్చలను, నొక్కులను అలాగే ఉంచివేశారు. 2020 జనవరి 10వ తేదీన ఫ్లారిడా రాష్ట్రంలోని కిసిమీ పట్టణంలో వేలం వేసినప్పుడు పాట 34 లక్షల డాలర్లకు పోయింది. వేలం సంస్థ రుసుముతో కలిపి 37 లక్షలు దాటింది.

ఒకే కర్మాగారంలో వరుస సంఖ్యలతో పుట్టిన రెండు కార్లలో ఒకటి తుప్పుతో శిథిలమైంది. రెండవది ముసలితనపు మచ్చలు చెరపనందువల్లనే అంత విలువ పొందింది. పాత కారు గల ప్రతి అమెరికన్ ఈ రెండు కథలనూ విని ఉంటాడు. తన కొట్టంలోని తుప్పు కారు వంక చూసినప్పుడల్లా అతని మనసులో ఆశ మెదులుతుంది. కాని సినిమాలో దూకిన కారు అందరి ఇళ్ళలోనూ ఉండదు. సామాన్యుని ఇంట ఉన్న సామాన్యమైన కారు సంగతి ఏమిటి?

కండలు తిరిగిన కారు

అమెరికన్లు 'మజిల్ కారు' అనే ఈ జాతి పుట్టుక వెనుక ఒక చిన్న తిరుగుబాటు ఉన్నది. 1960లలో జనరల్ మోటార్స్ సంస్థ తన మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను అమర్చరాదని నియమం పెట్టుకొన్నది. ఆ సంస్థకు చెందిన పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్ తదితర ఇంజనీర్లు ఆ నియమానికి ఒక సందు కనిపెట్టారు. 1964 మోడల్ టెంపెస్ట్ కారులో 389 ఘనపు అంగుళాల పెద్ద ఇంజనును ప్రత్యేక మోడలుగా గాక, కొనుగోలుదారు కోరితే అమర్చే అదనపు సామగ్రిగా చూపించారు. దానికి 'జీటీవో' అని పేరు పెట్టారు. మొదటి ఏడాదిలోనే 32,450 కార్లు అమ్ముడుపోయాయి.

ఆ ఇంజను పరిమాణం దాదాపు 6,400 ఘనపు సెంటీమీటర్లు. ఆనాటి లెక్కలో శక్తి 325 అశ్వశక్తి. అదే కాలంలో మన రోడ్లపై రాజ్యమేలిన అంబాసిడర్ కారు ఇంజను 1,489 ఘనపు సెంటీమీటర్లది. దాని శక్తి సుమారు 50 అశ్వశక్తి. ఈ పోలిక చాలు, ఆ కార్లు అమెరికన్ యువకుల గుండెలను ఎందుకు అంతగా ఊపివేశాయో తెలియటానికి. ఖరీదైన పరుగుపందెపు కారు కొనలేని కుర్రవాడు, నెలజీతం రాళ్ళతో కొనగలిగిన మెరుపు అది.

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్ బయటకు వచ్చింది. రెండేళ్ళు తిరగకుండానే పది లక్షల మస్టాంగులు తయారయ్యాయి. ఆ వెనుక షెవ్రొలే కమారో, డాడ్జ్ చార్జర్, ప్లిమత్ రోడ్ రన్నర్ వరుస కట్టాయి. కాని వైభవం పట్టుమని పదేళ్ళు నిలువలేదు. 1970లో వచ్చిన వాయు కాలుష్య చట్టం, ఇన్సూరెన్సు సంస్థలు పెంచిన ప్రీమియములు, 1973లో అరబ్బు దేశాలు చమురు సరఫరా నిలిపివేయటం, ఈ మూడూ కలిసి మజిల్ కార్ల కాలానికి తెర దించాయి.

ఈ చరిత్రలో గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. వీటిని తయారుచేసినవారు అరవై ఏళ్ళ మన్నికను ఉద్దేశించలేదు. ఏటేటా కొత్త మోడలు రావాలి, కొన్నవాడు కొన్నేళ్ళకే మార్చుకోవాలి అన్నది ఆనాటి వ్యాపార నీతి. జింకు పూత పూసిన రేకుల వాడకం నేటివలె విస్తృతం కాని రోజులవి. రంగు చేరని లోపలి మడతలు, గొట్టాల వంటి బోలు భాగాలు చాలావరకు ఉత్త ఉక్కుగానే మిగిలిపోయేవి. ఆ మడతలలోనే శత్రువు మాటు వేసింది.

తుప్పు చేసే పని

ఇనుము భూమిలో లోహంగా దొరకదు. ఆక్సిజనుతో కలిసిన ఖనిజంగా దొరుకుతుంది. కొలిమిలో వేసి ఎంతో వేడి ఖర్చు చేస్తేనే ఆ ఆక్సిజను విడిపోయి లోహం చేతికి వస్తుంది. అవకాశం దొరికితే చాలు, తిరిగి ఆక్సిజనుతో కలవటానికి ఇనుము తొందరపడుతుంది. నీరు, గాలి రెండూ తగిలిన చోట ఆ కలయిక జరుగుతుంది. నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులువుగా ప్రవహించి తుప్పు వేగం పెరుగుతుంది.

అమెరికా ఉత్తర రాష్ట్రాలలో శీతకాలంలో రోడ్లపై మంచు గడ్డకడుతుంది. దానిని కరిగించటానికి టన్నుల కొద్దీ ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల నుండి చిమ్మి కారు అడుగున ప్రతి సందులోనూ చేరుతుంది. అందువల్లనే మిషిగన్, ఒహైయో రాష్ట్రాలలో తిరిగిన కారు లోపల మెరుస్తూ అడుగున శిథిలమై ఉంటే, అరిజోనా ఎడారిలో తిరిగిన కారు ఎండకు సీట్లు చినిగి, రంగు పెచ్చులూడి కూడా లోహం గట్టిగా ఉంటుంది. కొనదలచినవాడు అరిజోనా కారునే కోరుకొంటాడు. సీటు కుట్టించటం తేలిక, చట్రం కుట్టించటం కుదరదు కదా! విశాఖపట్నం, చెన్నై సముద్రతీరాలలో ఇనుప కిటికీ చువ్వలు ఎంత త్వరగా పొరలూడతాయో ఎరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

అల్యూమినియంపై ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పుకు ఆ గుణం లేదు. అది గుల్లగా ఉండి తేమను పీల్చుకొంటుంది, పెచ్చులుగా రాలిపోతుంది, మళ్ళీ కొత్త ఇనుమును గాలికి ఎదురు పెడుతుంది. పైగా తాను తిన్న ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులను కలిపి అతికిన చోట తుప్పు పుడితే, వాటి నడుమ ఉబ్బి రెండింటినీ విడదీస్తుంది. పైకి రంగు కింద చిన్న పొక్కు కనబడే సమయానికి లోపలి వైపు రేకు చిల్లు పడటానికి సిద్ధంగా ఉంటుంది. ఈ కార్ల రేకుల మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుందని మరువరాదు.

యాభై ఏళ్ళ జలసమాధి

ముదిరిన తుప్పు ముందు ధనమూ, శ్రద్ధా ఎంత నిస్సహాయమో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరవాసులు కళ్ళారా చూశారు. 1957 జూన్ 15న ఆ నగరం సరికొత్త ప్లిమత్ బెల్వడీర్ కారును న్యాయస్థాన భవనం ముందు కాంక్రీటు గదిలో పాతిపెట్టింది. భావితరాలకు కానుకగా 2007లో దానిని వెలికితీయాలని సంకల్పం. అప్పటికి పెట్రోలు దొరుకుతుందో లేదో అని కారుతోపాటు కొంత పెట్రోలు కూడా ఉంచారు! 2007లో నగర జనాభా ఎంత ఉంటుందో దాదాపుగా ఊహించినవారికి ఆ కారు బహుమానం.

2007 జూన్‌లో వేలాది ప్రజల ఎదుట గది తెరిచారు. లోపల నీరు నిండి ఉన్నది. కారుకు చుట్టిన ముసుగు తొలగించగా బంగారు, తెలుపు రంగులతో మెరిసిన ఆనాటి అందకత్తెకు బదులు గోధుమరంగు బురద పూసుకొన్న శిథిలం దర్శనమిచ్చింది. బహుమానం గెలిచిన వ్యక్తి అప్పటికి ఎన్నో ఏళ్ళ కిందటే మరణించాడు. కారు అతని తోబుట్టువులకు దక్కింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఒక సంస్థ ఏళ్ళ తరబడి శ్రమించి పై తుప్పును తొలగించింది. తొలగిన తుప్పు కింద నిలవదగిన లోహం మిగలలేదు. కారు మళ్ళీ నడవలేదు. 2017 నుండి అది ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాస్కో పట్టణంలో ఒక ప్రదర్శనశాలలో ఉన్నది.

అది మజిల్ కారు కాదు. కాని అది నేర్పిన పాఠం అన్ని కార్లకూ వర్తిస్తుంది. తుప్పును తీసివేయవచ్చు. తుప్పు తిన్న ఇనుమును మాత్రం తిరిగి రప్పించలేము. పునరుద్ధరణ అనే మాటకు అర్థం, పోయిన లోహం స్థానంలో కొత్త లోహం అతకటమే.

రేకు చెప్పే నిజం

కనుక ముందుగా తెలుసుకోవలసినది తుప్పు ఎంత ఉన్నదని కాదు, ఎక్కడ ఉన్నదని. తలుపు, బానెట్, ముందు మడ్‌గార్డు వంటివి మరలు విప్పి మార్చగలిగిన భాగాలు. అవి జల్లెడ అయిపోయినా భయం లేదు. వెనుక చక్రాలపై ఉండే పక్క రేకులు వెల్డింగుతో అతికినవి కనుక వాటి పని కష్టం, ఖర్చు ఎక్కువ. అసలు ప్రమాదం కారు బరువు మోసే భాగాలకు తుప్పు పాకినప్పుడు వస్తుంది.

ఇక్కడ కారుకూ కారుకూ తేడా ఉన్నది. పాంటియాక్ జీటీవో, షెవ్రొలే షెవెల్ వంటి వాటిలో కింద విడిగా ఉక్కు చట్రం, దానిపై బోల్టులతో బిగించిన బాడీ ఉంటాయి. చట్రం చెడితే మరొక చట్రం తెచ్చి బాడీని దానిపై కూర్చోబెట్టవచ్చు. మస్టాంగులోనూ, డాడ్జ్, ప్లిమత్ కార్లలోనూ విడిగా చట్రం లేదు. నేల రేకులు, తలుపుల కింది పెట్టె దూలాలు, ముందు వెనుకల బోలు పట్టాలు అన్నీ కలిసి ఒకే పంజరంగా బరువు మోస్తాయి. వాటిని తుప్పు తింటే వెన్నెముకకే పురుగు పట్టినట్లు. పైకప్పు లేని కన్వర్టిబుల్ కారులో ఈ దూలాలపై భారం మరీ ఎక్కువ.

పరీక్షకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. రేకుపై దానిని జరుపుతూ పోతే, అంటుకోని చోట రంగు కింద ఉన్నది లోహం కాదు, పుట్టీ అన్నమాట. చిల్లులను పుట్టీతో పూడ్చి, పైన నిగనిగలాడే రంగు పూసి అమ్మే ఘనులు అన్ని దేశాలలోనూ ఉన్నారు. 'పైన పటారం లోన లొటారం' అనే సామెత ఈ కార్లకు అతికినట్లు సరిపోతుంది. రెండవ సాధనం మొద్దు స్క్రూడ్రైవరు. అడుగున బరువు మోసే భాగాలపై దానితో గట్టిగా నొక్కితే లోపలికి దిగబడకూడదు. మూడవది జాకీ. ఒక పక్క కారును జాగ్రత్తగా ఎత్తి తలుపు తెరచి మూసి చూడాలి. తలుపు పట్టివేసినా, తలుపు చుట్టూ ఉన్న సందు ఒకచోట మూసుకొని మరొకచోట తెరుచుకొన్నా పంజరం బలహీనమైనదని అర్థం. ఎత్తిన కారు కిందకు దూరటం మాత్రం ప్రాణాలతో చెలగాటం. తుప్పు పట్టిన అడుగు జాకీని తనలోకి దింపుకొని హఠాత్తుగా కూలిపోవచ్చు.

ఒక్కొక్క మోడలుకు ఒక్కొక్క మర్మస్థానం ఉంటుంది. 1960లనాటి మస్టాంగుకు అది ముందు అద్దం కింద ఉండే గాలి పెట్టె. వాననీరు, ఎండుటాకులు జాలీ గుండా అందులో చేరుతాయి. ఆకులు కుళ్ళి తేమను పట్టి ఉంచగా రేకు లోలోపలే చిల్లు పడుతుంది. అక్కడ చెంబెడు నీళ్ళు పోసి, లోపల డాష్‌బోర్డు కింద చేయి పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. అక్కడి నుండి కారిన నీరే నేల రేకులను తింటుంది. పై కప్పుకు వినైల్ గుడ్డ అతికిన కార్లలో ఆ గుడ్డ కింద చేరిన తేమ కప్పునే తొలిచివేస్తుంది. డాడ్జ్, ప్లిమత్ కార్లలో ముందు స్ప్రింగు కడ్డీలు బిగిసి ఉండే అడ్డ దూలాన్ని తప్పక చూడాలి. అక్కడ పట్టు విడిస్తే నడుస్తున్న కారు అదుపు తప్పుతుంది. భార్యాబిడ్డలను ఎక్కించుకొని నడపదలచిన కారులో ఈ లోపాన్ని పుట్టీతో కప్పి సరిపెట్టుకొనటం క్షమించరాని తప్పు.

లెక్క తప్పని చోటు

బాగా తుప్పు పట్టిన కారును పూర్తిగా విప్పి, లోహం మార్చి, రంగు వేసి, మళ్ళీ బిగించటానికి వెయ్యి గంటల పని దాటటం సర్వసాధారణం. పనివారి కూలి గంటకు 100 డాలర్లు అనుకొంటే, కూలికే లక్ష డాలర్లు అవుతుంది. విడిభాగాలు, రంగు, క్రోమియం పూత, ఇంజను, సీట్లు వేరు. ఇంత ఖర్చుతో తయారయ్యేది సామాన్యమైన మస్టాంగ్ అయితే, అటువంటిదే మంచి స్థితిలో ఉన్న కారు అందులో సగం కంటె తక్కువ వెలకే అంగట్లో దొరుకుతుంది. లక్షల సంఖ్యలో తయారైన కారుకు కొరత విలువ ఎక్కడి నుండి వస్తుంది? ధనదృష్టితో చూస్తే ఇది కొండను తవ్వి ఎలుకను పట్టటమే. మరొకడు ఎప్పుడో డబ్బు పోసి బాగు చేయించి, నష్టానికి అమ్ముకొనే కారును కొనటమే తెలివైన పని అని అనుభవజ్ఞులు చెప్పటానికి కారణం ఇదే.

అరుదైన కార్ల లెక్క మరొక తీరుగా ఉంటుంది. 1971లో 'హెమీ' ఇంజనుతో తయారైన ప్లిమత్ కుడా కన్వర్టిబుల్ కార్లు పదకొండు మాత్రమే. వాటిలో ఒకటి 2014 జూన్‌లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. అటువంటి కారుకు గుర్తింపు సంఖ్య చెక్కిన రేకు, అసలు ఇంజను నిలిచి ఉంటే, మిగిలినదంతా మట్టిపాలయినా కోలుకొనే అవకాశం ఉన్నది. అందుచేత తుప్పు కారు ముందు నిలుచున్నవాడు మొదట చదవవలసినది దాని సంఖ్యలనే. ఏ కర్మాగారంలో, ఏ ఇంజనుతో, ఏ రంగుతో పుట్టిందో అవి చెబుతాయి. మెక్సికోలోని డొక్కను కాపాడింది దాని అందం కాదు, ఆ అంకెలే.

ఒకవేళ సొంత చేతులతో చేసుకొంటే కూలి మిగలదా? మిగులుతుంది. కాని కాలం కావాలి, వెల్డింగ్ విద్య కావాలి, చోటు కావాలి, అన్నిటికీ మించి ఓర్పు కావాలి. ఉత్సాహంతో ఒక్క వారంలో కారు మొత్తం విప్పి, భాగాలను అట్టపెట్టెలలో నింపి, తరువాత పదేళ్ళూ ఆ పెట్టెలపై దుమ్ము తుడవలేకపోయినవారు లెక్కకు మిక్కిలి. విప్పి వదిలిన కారు కంటె విప్పని తుప్పు కారే నయం. మొదటి దానిలో ఏ మర ఎక్కడిదో తెలిసినవాడు సాధారణంగా ఒక్కడే ఉంటాడు. అతడూ కొన్నేళ్ళకు మరచిపోతాడు.

ఏది అసలు కారు?

ఇంతలో మరొక మెలిక. 1967, 1969 మోడల్ కమారోలకు, 1967 మస్టాంగుకు సరికొత్త బాడీలు మొత్తంగా నేడు అంగట్లో లభిస్తున్నాయి. అసలు తయారీదారుల అనుమతితోనే డైనాకార్న్ అనే సంస్థ వాటిని తయారుచేస్తున్నది. పాత ఇంజను, పాత సీట్లు తెచ్చి కొత్త బాడీలో బిగిస్తే తుప్పు సమస్యే ఉండదు. ఖర్చు కూడా కొన్ని సందర్భాలలో తగ్గుతుంది. కాని అప్పుడు నిలబడేది తండ్రి నడిపిన కారా, దాని పేరు పెట్టుకొన్న కొత్త కారా?

ఇది వట్టి వేదాంత ప్రశ్న కాదు. పాత కారు గుర్తింపు సంఖ్యను అక్రమంగా ఊడదీయటం, మార్చటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. తుప్పు డొక్క నుండి సంఖ్య కోసి కొత్త బాడీకి అతికి, అసలు కారని అమ్మినవాడు చట్టానికి చిక్కుతాడు. 1990లో ఇంగ్లండు హైకోర్టు ముందుకు ఇటువంటి ప్రశ్నే మరొక రూపంలో వచ్చింది. 1929, 1930 లీమాన్స్ పరుగుపందెములను గెలిచిన బెంట్లీ కారును ఒకరు భారీ వెలకు అమ్మజూపారు. ఆ కారులో మొదటినాటి భాగాలు అతి స్వల్పమనీ, కనుక అది అసలు కారు కాదనీ కొనదలచినవారు వాదించారు. భాగాలు ఎన్ని మారినా, ఆ కారు జీవితం ఎక్కడా తెగిపోకుండా సాగివచ్చింది కనుక ఆ పేరు దానిదేనని న్యాయమూర్తి తీర్పు చెప్పారు. కొద్దికొద్దిగా మార్పులు పొందుతూ బ్రతికిన కారు వేరు, ఒక్కరోజులో పేరు మార్చుకొన్న కారు వేరు అన్నది ఆ తీర్పు నుండి గ్రహించవలసిన నీతి.

మరి బాగుచేయకుండా ఉంచటంలోనే విలువ ఉండవచ్చునా? 2014 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ పట్టణంలో, షెవ్రొలే కార్వెట్ కార్ల మ్యూజియం నేల హఠాత్తుగా కుంగి ఎనిమిది అపురూపమైన కార్లు గోతిలో పడ్డాయి. వాటిలో మూడింటిని మాత్రమే బాగుచేశారు. మిగిలిన ఐదూ నుజ్జునుజ్జయిన రూపంలోనే ప్రదర్శనకు ఉంచారు. వాటిని బాగుచేయటమంటే దాదాపుగా కొత్త కార్లు తయారుచేయటమే. నలిగిన రూపంలోనే వాటి చరిత్ర పదిలంగా ఉన్నదని మ్యూజియం భావించింది. తెలిసినవారు సైతం ఎనిమిదింటిని ఒకే గాటన కట్టలేదన్నది ఇక్కడ గమనార్హం.

ఆపితే చాలు

పూర్తి పునరుద్ధరణకూ, తుక్కు దుకాణానికీ నడుమ చాలా దారులున్నాయి. వాటిలో మొదటిది, తుప్పును ఉన్నచోట ఆపివేయటం. కారును కొట్టంలోకి చేర్చి, నేల తేమ తగలకుండా కాళ్ళపై నిలిపి, మట్టి, కుళ్ళిన ఆకులు కడిగి ఆరబెట్టి, వదులు తుప్పును గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం గల ద్రావణం పూస్తారు. అది మిగిలిన తుప్పును నిలకడగల ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. దానిపై రంగు చక్కగా పట్టి నిలుస్తుంది.

ఈ రసాయన రహస్యం భారతీయులకు పరాయిది కాదు. ఢిల్లీ నగరంలో కుతుబ్ మీనారు పక్కన గుప్తుల కాలంనాటి ఇనుప స్తంభం పదహారు శతాబ్దాలుగా ఎండకూ వానకూ నిలిచి ఉన్నది. ఆనాటి కమ్మరుల ఇనుములో ఫాస్ఫరస్ పాలు ఎక్కువ. ఆ ఫాస్ఫరస్ వల్ల స్తంభంపై పలుచని ఫాస్ఫేటు పొర ఏర్పడి కాపాడుతున్నదని కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన ఆచార్య ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు వివరించాయి. ఢిల్లీ పొడి వాతావరణం కూడా అందుకు తోడ్పడింది. స్తంభానికి సహజంగా అబ్బిన రక్షణ వంటిదానిని కారుకు సీసాలో నుండి పూయవలసి వస్తున్నది. అయితే స్తంభం నిండైన ఇనుము, కారు మిల్లీమీటరు రేకు. పూత తుప్పును ఆపగలదు గాని పడిన చిల్లును పూడ్చలేదు. బరువు మోసే దూలంపై ఈ పూత పూసి, బాగుపడినదని భ్రమపడరాదు.

రెండవ దారి, ఇంజను, బ్రేకులు, చక్రాలు, బరువు మోసే లోహం మాత్రం నిక్కచ్చిగా బాగుచేసి, పై రూపాన్ని వెలసిన రంగుతో వదిలివేయటం. ఖర్చు తగ్గుతుంది. కారు రోడ్డెక్కుతుంది. వయసు ముఖాన కనబడుతుంది, అంతే. బులిట్ కారును కొనినవారు ఆ ముఖానికే డబ్బు పోశారు. మూడవ దారి దానం. పంజరం పూర్తిగా పోయిన కారులో ఇంజను, గేర్‌పెట్టె, అద్దాలు, క్రోమియం పట్టీలు, తలుపు పిడులు మంచివి ఉండవచ్చు. అవి మరో రెండు మూడు కార్లను బ్రతికిస్తాయి. తాను పోతూ నలుగురికి అవయవాలు ఇచ్చి పోయిన కారును వ్యర్థమైనదని ఎవరు అనగలరు?

నిర్ణయం

ఇన్ని లెక్కల తరువాత కూడా ఒక మనిషి మిగిలి ఉంటాడు. అతని తండ్రి వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చి, కూడబెట్టిన జీతంతో కొన్న కారు అది. ఆ వెనుక సీటులోనే అతడు పసితనంలో నిద్రపోయాడు. తండ్రి పోయాడు, కారు మిగిలింది. లాభనష్టాల పట్టిక అతనికి ఏమి చెప్పగలదు?

చెప్పగలిగినది కొంత ఉన్నది. కొంగును కట్టుకొన్న ఆశతో గాక, అయస్కాంతం, స్క్రూడ్రైవరు చేతబట్టుకొని ముందు నిజం తెలుసుకోవాలి. సంఖ్యలు చదివించుకోవాలి. లోహం పని తెలిసిన నిపుణునికి చూపించి, ఖర్చును కాగితంపై వ్రాయించుకోవాలి. ఆ అంకెను రెట్టింపు చేసుకొని, ఆ డబ్బు తిరిగి రాదని తెలిసి కూడా సంతోషంగా ఇవ్వగలనా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. ఇల్లు తాకట్టు పెట్టి, భార్యతో మాట పడి, కొడుకు చదువుకు దాచిన సొమ్ము తీసి బ్రతికించే కారు తండ్రి జ్ఞాపకాన్ని నిలబెట్టదు. దానిని చూసినప్పుడల్లా గుర్తుకు వచ్చేది అప్పు. తాహతు ఉండి, పంజరం గట్టిగా ఉండి, ఓర్పు ఉంటే ఆ డబ్బును పెట్టుబడి అని పిలువక్కరలేదు. తీర్థయాత్రకు పెట్టిన ఖర్చును ఎవరూ వడ్డీతో తిరిగి అడగరు.

పంజరం పోయిన నాడు మాత్రం మనసు రాయి చేసుకోవాలి. కొత్త బాడీపై పాత సంఖ్య అతికించి తండ్రి కారని చెప్పుకోవటం కంటె, తండ్రి చేతివేళ్ళు తాకిన స్టీరింగు చక్రాన్ని, గేరు పిడిని విప్పి తీసుకొని, ఇంజనును మరో కారుకు ఇచ్చి, మిగిలిన ఇనుమును సాగనంపటం నిజాయితీ గల పని. తుక్కుగా వెళ్ళిన ఉక్కు వృథాగా పోదు. కొలిమిలో కరిగి మరొక రూపంలో వస్తుంది.

టల్సా ప్రజలు కారును పాతిపెట్టటం మానలేదు. 1998లో మరొక ప్లిమత్ కారును, ఈసారి ప్రౌలర్ మోడలును, 2048లో తెరవాలని భద్రపరిచారు. మొదటి కారు నేర్పిన పాఠం వారికి అప్పటికి తెలియదు, గది తెరవటానికి ఇంకా తొమ్మిదేళ్ళున్నది. తెలిసినవారు చేయవలసిన పని సులభం. కారును పాతిపెట్టి ముసుగు కప్పి యాభై ఏళ్ళు ఎదురుచూడకుండా, కప్పిన ముసుగు నేడే తీసి, కింద ఎంత ఇనుము మిగిలిందో చేతితో తడిమి చూడటమే.